లినక్స్ కెర్నలునందలి యొక సంస్కరణము

కంప్యూటరనునది వట్టి లోహపు ముద్ద. లోపల వ్రాసియుంచిన యాజ్ఞలే దానికి ప్రాణము. ఆ యాజ్ఞలలో మీటలను, తెరను, జ్ఞాపకపు గదులను, అన్నింటిని ఏలెడి నడిమి భాగమునకు కెర్నలని పేరు. ఒక్కొక్క పరికరముతో మాటలాడుటకు అందు చేర్చిన వ్రాతను డ్రైవరందురు. ఈ డ్రైవరు మోటారుబండి తోలువాడు కాడు; పరికరపు భాష నెరిగిన దుబాసి యనుకొన్నచో చాలును.

1991వ సంవత్సరమున ఫిన్లాండు దేశమందలి హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ అట్టి కెర్నలు. దాని వ్రాత బహిరంగము. ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, దిద్దుబాటును పంపవచ్చును. అంగీకరించుట మాత్రము పర్యవేక్షకుల వంతు.

చేతిఫోనులు ప్రబలిన పిమ్మట చిక్కు పుట్టెను. బల్లపై నుంచెడి కంప్యూటరులలో ఏ పరికరమెచ్చట నున్నదో చాలవరకు యంత్రమే కెర్నలునకు తెలుపుకొనును. ఫోనులలోని ఆర్మ్ జాతి చిప్పుల సంగతి వేరు. ఏ తీగ యెచ్చట కలిసినదో, ఏ గడియారమేపాటి వేగమున కొట్టుకొనునో వానియందు తెలుపు దిక్కు లేదు. కావున తయారీదారులు పలకకొక వ్రాత చొప్పున కెర్నలులోనే చేర్చుచు పోయిరి. ఒకరి పని నొకరు చూడరైరి. ఒకే పనికి పలు వ్రాతలు పుట్టెను. ఒకచోట తప్పు దిద్దినను తక్కినచోట్ల నది నిలిచియే యుండెను. ఒక పలకకై సిద్ధపరచిన కెర్నలు సాధారణముగా వేరొక తయారీవారి పలకపై మేల్కొనదు. 2011 మార్చి మాసమున టోర్వాల్డ్స్ ఈ యవ్యవస్థను తీవ్రముగా నిరసించెను. మాట కటువే; న్యాయము మాత్రమాయన పక్షముననే యుండెనని నా తలంపు.

చికిత్స యెట్టిది? మన సీమలో ఊరూరికి వేరు చట్టము చేయలేదు. చట్టమొక్కటే, ఊరికొక అడంగలు. కరణము వ్రాసిన లెక్కను చూచి అధికారి పని నడపెడివాడు. ఆర్మ్ వారును ఇట్లే చేసిరి. పలకయొక్క వివరములను డ్రైవరులనుండి వేరుచేసి, డివైస్ ట్రీ యను పట్టికలో వ్రాసిరి. ఇది క్రొత్త యూహ కాదు. 1994లో ప్రమాణముగా వెలసిన ఓపెన్ ఫర్మ్‌వేర్ నుండి తెచ్చుకొన్న యరువు. తయారీదారుల గదులలో చెల్లాచెదరుగా నున్న గడియారముల వ్రాతలు, కాళ్ల యమరికల వ్రాతలు ఉమ్మడి డ్రైవరుల గదులకు తరలివచ్చెను. ఆర్ండ్ బెర్గ్‌మన్ ప్రభృతులు వచ్చిన మార్పులను జల్లెడపట్టి పైకి పంపిరి. కాపురమున్న యింటికే గోడలు మార్చుట వంటి పని యది. ఒక్క దినమైనను పొయ్యి ఆరరాదు.

2012 డిసెంబరులో వెలువడిన 3.7వ కూర్పునాటికి ఒకే కెర్నలు పలు తయారీల ఆర్మ్ యంత్రములపై మేల్కొనసాగెను.

అయినను పట్టికలోనికి మారని పాతపలకలు మిగిలెను. వానిని పరీక్షించి చూచువారు కరవైరి. 2023లో, 6.3వ కూర్పున, అట్టి వ్రాతలు పెక్కింటిని తొలగించిరి. ఆ యంత్రములను దాచుకొన్నవారికి క్రొత్త కెర్నలు లేదు. పాత కూర్పులు మాత్రము నేటికిని బహిరంగముగనే యున్నవి.