పనితీరు కొలమానాలు: పరిశోధన మళ్లిన దారి

కంపెనీ ఎలా నడుస్తోందో లాభనష్టాల పట్టీ ఒక్కటే చెప్పలేదన్న ఫిర్యాదు పాతదే. మేనేజర్ల చేతికొచ్చే లెక్కలు ఆలస్యంగా, ముద్దగా, వంకరగా వస్తున్నాయని థామస్ జాన్సన్, రాబర్ట్ కాప్లాన్ 1987లో ఒక పుస్తకమే రాశారు. 1992లో కాప్లాన్, డేవిడ్ నార్టన్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో 'బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డు'ను ప్రతిపాదించారు. డబ్బు లెక్కల పక్కన ఖాతాదారు, లోపలి పని, నేర్చుకుని ఎదగడం అనే మూడు కోణాలు చేరాయి.

ఆ తర్వాత చాలాకాలం పరిశోధకుల దృష్టంతా ఏమేం కొలవాలన్న దాని మీదే. ఇప్పుడు చూపు కొలతల నుంచి వాటిని చదివే మనిషి మీదకు మళ్లింది.

ఈ మలుపుకు మంచి ఉదాహరణ మార్లిస్ లైప్, స్టీవెన్ సాల్టెరియో 2000లో ప్రచురించిన ప్రయోగం. ఎంబీఏ విద్యార్థులకు ఒక బట్టల కంపెనీలోని రెండు విభాగాల స్కోర్‌కార్డులిచ్చారు. ఒకటి కుర్రకారు ఫ్యాషన్లు అమ్మేది, రెండోది యూనిఫారాలు అమ్మేది. కొన్ని కొలతలు రెండింటికీ ఉమ్మడి, కొన్ని ఆ విభాగానికే ప్రత్యేకం. తీరా మార్కులు వేసేటప్పుడు విద్యార్థులు ఉమ్మడి కొలతలనే చూశారు. ప్రత్యేకమైనవాటిని దాదాపు పక్కన పెట్టేశారు. విభాగం వ్యూహమేమిటో చెప్పేవి ఆ ప్రత్యేక కొలతలే కదా!

2003లో క్రిస్టఫర్ ఇట్నర్, డేవిడ్ లార్కర్ ఇంకో లోపం పట్టుకున్నారు. వారు సర్వే చేసిన 157 కంపెనీల్లో, ఫలానా కొలత మెరుగుపడితే ఫలానా ఫలితం వస్తుందన్న నమ్మకాన్ని పద్ధతిగా సరిచూసుకున్నవి 23 శాతమే. మిగతావన్నీ ఏ నమ్మకంతో నడిచాయో మరి!

కొలతనే వ్యూహమనుకునే పొరపాటును పరిశోధకులు 'సరోగేషన్' అంటున్నారు. దీనికి వెల్స్ ఫార్గో బ్యాంకును మించిన ఉదాహరణ లేదు. ఖాతాదారుతో బంధం పెంచుకోవడం ఆ బ్యాంకు వ్యూహం. ఒక్కో కుటుంబానికి ఎన్ని పథకాలు అమ్మామన్నది దాని కొలత. ఎనిమిది అమ్మాలన్నది లక్ష్యం. టార్గెట్ల ఒత్తిడికి సిబ్బంది ఖాతాదారులకు తెలియకుండానే లక్షల ఖాతాలు తెరిచేశారు. 2016 సెప్టెంబరులో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. అంకె పెరిగింది, బంధం తెగింది.

విరుగుడు కోసం వెతికినవారిలో చోయ్, హెక్ట్, టేలర్ ముఖ్యులు. జీతభత్యాలను ఒకే కొలతకు ముడిపెడితే ఈ జబ్బు ముదురుతుందనీ, పలు కొలతలకు ముడిపెడితే తగ్గుతుందనీ వారి 2012 ప్రయోగాలు చూపాయి. వ్యూహాన్ని ఎంచుకోవడంలో మేనేజర్లకు నిజంగా చేయి ఉంటే పొరపాటు తగ్గుతుందని మరుసటి ఏడాది తేల్చారు. పైవాళ్లు తయారుచేసిన స్కోర్‌కార్డును కిందికి పంపి సంతకాలు పెట్టించుకునే సంస్థలు ముందు చదవాల్సింది ఈ రెండో అధ్యయనాన్నే.