అరోమాన్ష్ తీరం: శిథిలాలను చదవడం ఎలా?

విద్యార్థులారా! 1944 జూన్ 6న మిత్రరాజ్యాల సైన్యాలు ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగిన విషయం గత భాగంలో చదివారు. ఆ తీరంలోనే అరోమాన్ష్ అనే చిన్న గ్రామం ఉంది. దాని ఎదుట సముద్రంలో భారీ కాంక్రీటు దిమ్మెలు నేటికీ కనిపిస్తాయి. చరిత్ర విద్యార్థి వాటిని ఏ విధంగా చదవాలో పరిశీలిద్దాం.

అవి అక్కడికి ఎందుకు వచ్చాయి? తీరంలో దిగిన సైన్యానికి తిండి, మందుగుండు, ఇంధనం రోజూ అందాలి. అందుకు ఓడరేవు కావాలి. కాని 1942 ఆగస్టులో డియెప్ రేవుపై జరిపిన దాడి ఘోరంగా విఫలమైంది. జర్మన్లు కాపలా కాస్తున్న రేవును నేరుగా పట్టుకోవడం ఎంత కష్టమో దానితో తేలిపోయింది. కాబట్టి రేవునే వెంట తీసుకుపోవాలని మిత్రరాజ్యాలు నిర్ణయించాయి. బ్రిటన్‌లో తయారైన బోలు కాంక్రీటు పెట్టెలను టగ్గులతో లాగి తెచ్చి, నీటితో నింపి ముంచి, అలలను ఆపే గోడగా నిలిపారు. వాటిలో పెద్దవి ఒక్కొక్కటి సుమారు 6,000 టన్నులు. గోడ లోపల ఆటుపోట్లను బట్టి పైకీ కిందికీ కదిలే జెట్టీలు, తేలే రోడ్లు అమర్చారు. ఈ రేవుకు రహస్యనామం 'మల్బరీ'.

ఇటువంటి రేవులు రెండు నిర్మించారు. ఒమాహా తీరంలోని అమెరికన్ రేవు జూన్ 19న మొదలైన తుఫానుకు ధ్వంసమైంది. అరోమాన్ష్‌లోని బ్రిటిష్ రేవు దెబ్బతిన్నా నిలిచి, నెలల తరబడి పనిచేసింది.

ఈ దిమ్మెలను చూసినవారు కృత్రిమ రేవే విజయాన్ని నిర్ణయించిందని భావించడం సహజం. ఇక్కడే జాగ్రత్త అవసరం. తమ రేవు పోయాక అమెరికన్లు ఓడలను ఇసుకపైకే చేర్చి, నేలమీదా నీటిలోనూ నడిచే లారీలను వాడి సరుకు దించారు. అది అరోమాన్ష్‌లో దిగిన సరుకుకంటే తక్కువేమీ కాదు. ఆ శ్రమకు ఇసుకలో గుర్తు మిగలలేదు. కాంక్రీటు మాత్రం మిగిలింది. అయితే రేవు వృథా అని కూడా తీర్మానించరాదు. అటువంటి భరోసా ముందుగా లేకపోతే సేనాధిపతులు పెద్ద రేవు లేని తీరాన్ని ఎంచుకునేవారా? ఆలోచించండి.

ఇదే పద్ధతిని మన తీరానికీ అన్వయించవచ్చు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేశాయి. కాపలా సైనికులు లోపలినుంచి తుపాకులు పేల్చేందుకు కట్టిన నాటి కాంక్రీటు పిల్‌బాక్సులు ఆ తీరంలో ఉన్నాయి. వాటిని చూసినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎందుకు మిగిలింది? మిగలనిది ఏది? ఆనాడు భయంతో ఊరు విడిచిపోయిన కుటుంబాల జాడ కాంక్రీటులో దొరకదు. దానిని ఉత్తరాలలో, కార్యాలయ పత్రాలలో, పెద్దల జ్ఞాపకాలలో మీరే వెతకాలి.