గుస్సాడీ: వింత వేషం, తప్పని అడుగు

సంగీతపు దరువును అనుసరించి తెరమీది బొమ్మను గెంతించే ఆటలను మీలో చాలామంది చూసే ఉంటారు. 1996లో జపానులో వచ్చిన 'పరప్పా ద రాపర్'లో కాగితమంత పలుచని కుక్క ఒకటి టోపీ పెట్టుకొని పాట నేర్చుకుంటుంది. 2013 నాటి 'జామెట్రీ డాష్'లో చిన్న చదరమొకటి ముళ్ళమీదుగా దూకుతుంది. ఒక్క గెంతు తప్పితే ఆట మళ్ళీ మొదటికి వస్తుంది. అంతర్జాలంలో చెలామణి అయ్యే అర్థంపర్థంలేని మీములు కూడా ఇటువంటి ఆటల్లో పాత్రలయ్యాయి. ఇదంతా పిల్లచేష్ట అని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించలేను. వింత రూపాన్నీ, హాస్యాన్నీ కఠినమైన లయకు కట్టివేసే విద్య మన ఆదిలాబాదు గూడేలకు తరతరాలుగా తెలుసు.

దీపావళి రోజుల్లో రాజగోండులు దండారి జరుపుకుంటారు. అందులో ప్రధాన వేషం గుస్సాడీ. తలమీద నెమలి ఈకల పెద్ద కిరీటం, దానికి కొమ్ములు, పెట్టుడు గడ్డం, భుజాన మేకతోలు, ఒంటినిండా బూడిద, చేతిలో కర్ర. పక్కనే స్త్రీవేషం వేసిన యువకులు, వారిని పోరిక్ అంటారు. ఈ బృందం ఊరినుంచి ఊరికి విడిదికి వెళుతుంది. గుస్సాడీలు చూసేవారిని ఆటపట్టిస్తారు, నవ్విస్తారు. కాని తుడుము, డప్పు, పేప్రి మోగినంతసేపూ వారి అడుగు దరువును దాటిపోదు. వేషం కట్టినవారు కొలబొడితో పండుగ ముగిసేదాకా స్నానం చేయరు. ఆ వేషంలో వారికి దైవమే కనిపిస్తుంది. నవ్వుకూ భక్తికీ మధ్య మనం గీసే గీత అక్కడ లేదు.

1940లో జోడేఘాట్‌లో కుమురం భీము నేలకొరిగిన తరువాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతుల అధ్యయనానికి ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను నియోగించింది. ఆయన మార్లవాయిలో నివసించాడు. 1948లో వెలువడిన ఆయన గ్రంథం రాజగోండుల పురాణాలనూ, పూజావిధానాన్నీ అక్షరబద్ధం చేసింది. అయితే అడుగును అక్షరంలో పెట్టడం ఎవరితరం? ఆ పని అదే మార్లవాయికి చెందిన కనకరాజు చేశారు. 1981లో ఢిల్లీ గణతంత్ర వేడుకల్లో తన బృందంతో గుస్సాడీ ఆడిన ఆయన, తరువాతి కాలమంతా యువకులకు ఆ నృత్యం నేర్పుతూ గడిపారు. 2021లో పద్మశ్రీ వరించింది. 2024 అక్టోబరులో, దీపావళికి కొద్దిరోజుల ముందు, కన్నుమూశారు.

నన్ను కలవరపెట్టే విషయం ఇక్కడే ఉంది. నెమలి కిరీటపు బొమ్మ ఈనాడు గోడలమీదా, స్వాగత తోరణాలమీదా, చేతిఫోన్లలోనూ తిరుగుతోంది. ప్రతి సభలో మంత్రిగారి ముందు అయిదు నిమిషాల నృత్యం ఉంటుంది. బొమ్మకు ప్రయాణం సులువు. దరువు మాత్రం ఒక మనిషి పాదం నుంచి మరొక మనిషి పాదానికే చేరగలదు. దానికి రోజుల తరబడి సాగే విడిది కావాలి, అన్నం పెట్టే పొరుగూరు కావాలి, తప్పిన అడుగును సరిదిద్దే పెద్దమనిషి కావాలి. తెరమీది ఆటలో తప్పినవాడు మరునిమిషమే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఒక తరం అడుగు మరచిపోతే తిరిగి మొదలుపెట్టడానికి ఆ గూడెంలో తెలిసినవారు మిగిలి ఉండాలి కదా!