రుద్రజడ (బేసిల్): పెరటి సాగు, వంట చరిత్ర

రుద్రజడ ఏటా విత్తుకునే సుగంధ మొక్క. 1753లో లిన్నేయస్ దీనికి 'ఆసిమమ్ బాసిలికమ్' అని శాస్త్రీయ నామం పెట్టాడు. కోటలో పూజలందుకునే తులసికి దగ్గరి చుట్టమే గాని జాతి వేరు. తెలుగు ఇళ్లలో దీని గింజకే వాడుక ఎక్కువ. వేసవిలో షర్బత్తులో, ఫలూదాలో నానబెట్టి వేసుకునే సబ్జా అదే. ఆకునే వంటకు ప్రాణం చేసుకున్న ఊరు ఇటలీలోని జెనోవా.

మొదటి శతాబ్దిలో రోమన్ పండితుడు ప్లినీ ఈ మొక్క గురించి రాశాడు. 14వ శతాబ్దిలో బొకాచియో 'డెకామెరాన్' కథల్లో ఇది కుండీలో కనిపిస్తుంది. తరవాతి శతాబ్దాల్లోనూ మధ్యధరా తీరపు పెరళ్లలో పెరుగుతూ వచ్చింది.

1863లో జొవాన్ని బాటిస్టా రాట్టో వెలువరించిన జెనోవా వంటల పుస్తకంలో పెస్టో అనే పచ్చడి తయారీ ఉంది. వెల్లుల్లి, రుద్రజడ, చీజ్, పైన్ గింజలు కలిపి నూరి, నూనెతో పలచన చేయమన్నాడు. రుద్రజడ దొరక్కపోతే మరువం, పార్స్లీ వాడవచ్చని కూడా చెప్పాడు. పాలరాతి రోలు, కర్ర రోకలి ఈ వంటకు సంప్రదాయ పనిముట్లు. నలిగిన ఆకు గాలి తగిలి నల్లబడుతుంది కాబట్టి త్వరగా నూరి, వెంటనే నూనె కలుపుతారు. పొయ్యి మీద పెట్టరు. పాస్తా ఉడికిన నీళ్లు కాసిని చేర్చి పాస్తాకు కలుపుతారు.

ఈ రుచిని అమెరికన్ పాఠకులకు పరిచయం చేసినవారిలో ఆంజెలో పెల్లెగ్రీని ముఖ్యుడు. సియాటిల్‌లో ఆంగ్ల ఆచార్యుడైన ఆయన ఇంటి పెరట్లో స్వయంగా కూరలు పండించిన ఆదర్శ గృహస్థుడు. 1946లో 'సన్‌సెట్' పత్రికలో ఆయన పెస్టో తయారీ అచ్చయింది.

జెనోవా శివారు ప్రాంతమైన ప్రాలోని గాజు ఇళ్లలో మొక్కను లేతగా ఉండగానే వేళ్లతో సహా పీకి కట్టలు కడతారు. 2005లో ఐరోపా సమాఖ్య 'బాసిలికో జెనోవేజె' పేరుకు ప్రాంతీయ రక్షణ కల్పించింది.

పెరట్లోనూ లేత ఆకే లక్ష్యం. రోజుకు ఆరు గంటల ఎండ, నీరు నిలవని మట్టి ఉండాలి. గింజ మీద మట్టి పలుచగా కప్పితే వారం పది రోజుల్లో మొలకెత్తుతుంది. మొక్క జానెడు ఎదిగాక, ఆకుల జంటకు కాస్త పైన తల తుంచితే పక్క కొమ్మలు వేసి గుబురవుతుంది. పూమొగ్గలను గిల్లేయాలి; పూత సాగితే కొత్త ఆకు తగ్గిపోతుంది. చలికి ఆకు నల్లబడుతుంది.

21వ శతాబ్దిలో బూజు తెగులు దీనికి పెద్ద శత్రువైంది. 2001లో స్విట్జర్లాండ్‌లో, 2007లో ఫ్లోరిడాలో కనిపించింది. ఆకు పైన పసుపు మచ్చలు, అడుగున బూడిద రంగు బూజు దాని గుర్తులు. మొక్కలను ఎడంగా నాటి, ఆకు తడవకుండా మొదలు దగ్గర నీళ్లు పోయడం మేలైన రక్షణ. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయం దీన్ని తట్టుకునే వంగడాలను రూపొందించింది.