కలం ఎవరిది, గొంతు ఎవరిది? కార్ల్ రోవన్ ప్రస్థానంపై ఒక పరిశీలన

పత్రికలో ఉన్నంతకాలం స్వేచ్ఛాజీవి, కొలువులో చేరాక ఏలినవారి గొంతు - అమెరికన్ జర్నలిస్టు కార్ల్ టి. రోవన్ (1925-2000) జీవితాన్ని ఇలా రెండు ముక్కలు చేసి చూడడం తేలిక. కానీ ఆ రెండు పాత్రలూ ఆయన ప్రభుత్వోద్యోగానికి ఏడేళ్ల ముందే, మన దేశంలోనే కలిసిపోయాయని ఈ వ్యాసం ప్రతిపాదన.

టెనెసీలోని ఒక పేద నల్లజాతి కుటుంబంలో పుట్టిన రోవన్ 1948లో ‘మినియాపొలిస్ ట్రిబ్యూన్’లో చేరారు. 1951లో దక్షిణాది రాష్ట్రాలు తిరిగి వర్ణవివక్షపై రాసిన కథనాలతో పేరొచ్చింది. 1954లో అమెరికా విదేశాంగశాఖ, స్వేచ్ఛా సమాజంలో పత్రికల పాత్ర గురించి ఉపన్యసించమని ఆయన్ను భారత్‌కు పంపింది. బడుల్లో వర్ణవిభజన చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది ఆ ఏడాది మే నెలలోనే. ఇక్కడి శ్రోతలు పత్రికల మాట అటుంచి, మీ దేశంలో నల్లవారి గతేమిటని నిలదీసేవారు. సమర్థించుకుంటే తన రాతల్ని తానే కాదన్నట్టు. పూర్తిగా ఎండగడితే పంపినవారికి కోపం. లోపాలున్నాయి, వాటిని బహిరంగంగా దిద్దుకునే వీలూ ఉంది అన్న మధ్యేమార్గం ఆయనకు ఈ ఇరకాటంలోనే అలవడిందని నా అంచనా. ఖర్చు సర్కారుది, కలం తనది. ఆ పర్యటన కథనాలకు జర్నలిజం పురస్కారమూ దక్కింది, 1956లో ‘ద పిటిఫుల్ అండ్ ద ప్రౌడ్’ అనే పుస్తకమూ వచ్చింది.

1961లో కెనెడీ ప్రభుత్వం ఆయన్ను విదేశాంగశాఖలోకి తీసుకుంది. మరుసటి ఏడు వాషింగ్టన్‌లోని కాస్మాస్ క్లబ్ రోవన్‌కు సభ్యత్వం నిరాకరించింది. దేశం తరఫున ప్రపంచంతో మాట్లాడే అధికారికి రాజధాని క్లబ్బులోనే చోటు లేదన్నమాట! అదే క్లబ్బుకు కెనెడీ పేరు ప్రతిపాదించిన గాల్‌బ్రెయిత్, అప్పట్లో ఢిల్లీలో అమెరికా రాయబారి, నిరసనగా రాజీనామా చేశారు. 1963లో రోవన్ ఫిన్లాండ్‌కు రాయబారిగా వెళ్లారు.

1964లో అనారోగ్యంతో తప్పుకున్న ఎడ్వర్డ్ మర్రో స్థానంలో, అధ్యక్షుడు జాన్సన్ రోవన్‌ను అమెరికా సమాచార సంస్థ డైరెక్టరును చేశారు. వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో అప్పట్లో ఈ సంస్థ కిందే ఉండేది. పౌరహక్కుల కోసం జరిగిన 1963 నాటి వాషింగ్టన్ పాదయాత్రపై ఈ సంస్థ కోసం జేమ్స్ బ్లూ తీసిన ‘ద మార్చ్’ డాక్యుమెంటరీ అప్పటికి సిద్ధంగా ఉంది. మన గుట్టు మనమే బయటపెట్టుకోవాలా అని కాంగ్రెస్‌లో కొందరు మండిపడ్డారు. రోవన్ సినిమాను ఆపలేదు. తానే తెరపైకి వచ్చి, ఇలాంటి శాంతియుత ప్రదర్శన స్వేచ్ఛకు నిదర్శనమని ముందుమాట చెప్పారు. ఇది 1954 నాటి జవాబే. ఈసారి అడిగింది ప్రపంచం. విచిత్రమేమంటే, ఈ సంస్థ విదేశీ ప్రచారానికి వర్తించే 1948 చట్టం ప్రకారం ఆ సినిమాను అప్పట్లో అమెరికాలో ప్రదర్శించడానికి వీల్లేదు.

వియత్నాం యుద్ధం దగ్గర ఈ మధ్యేమార్గం పనిచేయలేదు. వార్తల్లో ప్రభుత్వ జోక్యంపై అసంతృప్తితో వాయిస్ ఆఫ్ అమెరికా డైరెక్టర్ హెన్రీ లూమిస్ 1965 మార్చిలో వైదొలగారు. ఆ వేసవిలో రోవన్ కూడా పదవి వదిలి కాలమిస్టు అయ్యారు. ఇక్కడితో పాత విలేకరి తిరిగొచ్చాడనుకుంటాం. కానీ 1967లో మార్టిన్ లూథర్ కింగ్ వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించినప్పుడు, ‘రీడర్స్ డైజెస్ట్’లో ఆయన్ను గట్టిగా తప్పుబట్టింది రోవనే. అప్పుడు రోవన్ నెత్తిన ఏ పదవీ లేదు.