కోపా దో నార్దెస్తే: కోర్టుకెక్కి బతికిన కప్పు

బ్రెజిల్ ఈశాన్య రాష్ట్రాలు తొమ్మిదింటి ఫుట్‌బాల్ క్లబ్బులు తలపడే పోటీ కోపా దో నార్దెస్తే. ఆ దేశంలో ఆటకు డబ్బు, పలుకుబడి ఎక్కువగా రియో, సావో పౌలోలలోనే పోగుపడ్డాయి. ఆ రెండు రాష్ట్రాల క్లబ్బులకు 1933లోనే ఉమ్మడి టోర్నమెంటు ఏర్పడింది. ఈశాన్యంలో ఆటగాళ్లకు కొదవేమీ లేదు. 1959లో మొదలైన జాతీయ కప్పు తొలి విజేత సాల్వడోర్ నగరానికి చెందిన బహియా. ఫైనల్లో అది ఓడించింది పెలే క్లబ్బు సాంతోస్‌ను. అయినా ఈశాన్యానికి తనదంటూ నిలకడైన పోటీ రావడానికి దశాబ్దాలు పట్టింది.

1994లో అలాగోస్ రాష్ట్రంలో జరిగిన టోర్నీని తొలి కప్పుగా లెక్కిస్తారు. ఫైనల్లో రెసిఫే నగరపు స్పోర్ట్ జట్టు స్థానిక జట్టు సీఆర్‌బీని పెనాల్టీ షూటౌట్‌లో ఓడించింది. తర్వాత రెండేళ్లు ఊసే లేదు. 1997 నుంచి ఏటా జరిగింది, దానితోపాటు దక్షిణ అమెరికా స్థాయి కాన్‌మెబోల్ కప్పులో చోటు కూడా దక్కింది. ఈ దారినే వెళ్లిన అలాగోస్ జట్టు సీఎస్‌ఏ 1999లో ఆ కప్పు ఫైనల్ దాకా చేరి, అర్జెంటీనా క్లబ్బు తల్యేరెస్ చేతిలో ఓడింది. చిన్న క్లబ్బుకు అది చిన్న విషయం కాదు.

దెబ్బ 2003లో పడింది. జాతీయ లీగులో ప్రతి జట్టూ ప్రతి జట్టుతో రెండేసిసార్లు ఆడే పద్ధతి ఆ ఏడు వచ్చింది. 24 జట్లు, ఒక్కోదానికి 46 మ్యాచ్‌లు. రాష్ట్ర పోటీలు ఎలాగూ ఉన్నాయి. ఇక ప్రాంతీయ కప్పులకు క్యాలెండర్‌లో ఖాళీ మిగల్లేదు. విటోరియా క్లబ్బు గెలిచిన ఆ ఏటి పోటీతో కప్పు ఆగిపోయింది. ఇతర ప్రాంతాల కప్పులూ అలాగే మూతపడ్డాయి. అయితే ఈశాన్య క్లబ్బుల లీగు మాత్రం ఊరుకోలేదు, నష్టపరిహారం కోరుతూ జాతీయ సమాఖ్యపై దావా వేసింది. ఆ వివాదం రాజీకి రావడంతో 2010లో ఒకసారి, 2013 నుంచి ఏటా కప్పు మళ్లీ జరుగుతోంది. ఆటగాళ్ల కన్నా వకీళ్లే దీన్ని బతికించారనడం అతిశయోక్తి కాదు.

2013లో విజేత పరైబా రాష్ట్రపు కంపినెన్సె. 2015లో మరన్యావ్, పియావీ రాష్ట్రాలు చేరాయి. మూడేళ్లకే మరన్యావ్ జట్టు సంపాయో కొర్రెయా బహియాను ఓడించి కప్పు ఎత్తుకుపోయింది. ఈ ప్రాంతపు పేరుమోసిన బందిపోటు లాంపియావ్‌ను తలచుకుని, యూరప్ చాంపియన్స్ లీగును అనుకరిస్తూ అభిమానులు దీన్ని ‘లాంపియన్స్ లీగ్’ అని పిలుచుకుంటారు. 2025 విజయంతో బహియా అయిదు కప్పులతో అందరికన్నా ముందు నిలిచింది. అలాగోస్, సెర్జీపే, పియావీ రాష్ట్రాలకు అప్పటివరకు ఒక్కటీ దక్కలేదు.