నిమ్మాడ నుంచి ఉద్దానం దాకా: కాలేజీ ఎన్ఎస్ఎస్ యూనిట్ ఏం చేస్తుంది? ఊరికి అందేది ఎంత?

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి మండలంలో 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఊరు నిమ్మాడ. కేంద్ర మాజీ మంత్రి కింజరాపు ఎర్రన్నాయుడు సొంత ఊరుగా రాష్ట్రమంతా తెలిసిన పేరు. హైవే పట్టుకుని ఉత్తరానికి వెళ్తే టెక్కలి, పలాస వస్తాయి. ఆ పైన సముద్రం వెంబడి కొబ్బరి, జీడి, పనస తోటల ఉద్దానం ఉంటుంది. టెక్కలిలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. దగ్గర్లోని కె.కొత్తూరులో 2001లో మొదలైన ఆదిత్య ఇంజనీరింగ్ కళాశాల ఉంది. స్థానికులు దాన్ని ‘ఐతం’ అంటారు. జిల్లా యూనివర్సిటీ అయిన డాక్టర్ బీఆర్ అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఎచ్చెర్లలో 2008లో ఏర్పడింది.

ఈ ప్రాంతపు కాలేజీ కుర్రాళ్లు, అమ్మాయిలు ఊళ్లోకి వచ్చి చీపురు పట్టినా, మొక్క నాటినా, రక్తం ఇచ్చినా ఎక్కువగా ఒకే బ్యానర్ కనిపిస్తుంది. అది జాతీయ సేవా పథకం, అంటే ఎన్ఎస్ఎస్.

ఫ్రెటర్నిటీకి మన దగ్గర సాటి ఏది?

అమెరికాలో చదివే మన పిల్లల నోట ‘ఫ్రెటర్నిటీ’ అనే మాట వినిపిస్తుంటుంది. గ్రీకు అక్షరాల పేర్లతో ఉండే విద్యార్థి సంఘాలవి. ఒక్కో కాలేజీలోని శాఖను ‘చాప్టర్’ అంటారు. ఆ సంప్రదాయంలో తొలి సంఘంగా చెప్పే ఫై బీటా కప్పా 1776లో పుట్టింది. సేవ కోసమే పెట్టిన ఆల్ఫా ఫై ఒమేగా 1925లో పెన్సిల్వేనియాలోని లఫాయెట్ కాలేజీలో మొదలైంది. దక్షిణాసియా విద్యార్థుల కోసం డెల్టా ఎప్సిలాన్ సై 1998లో టెక్సాస్ యూనివర్సిటీలో ఏర్పడింది.

మన కాలేజీల్లో ఆ పద్ధతి లేదు. అయితే సభ్యత్వం, బ్యాడ్జీ, సీనియర్లు జూనియర్లకు పని అప్పజెప్పడం, ఏడాది చివర ‘మా యూనిట్ ఇది సాధించింది’ అని చెప్పుకోవడం ఇక్కడా ఉన్నాయి. అవన్నీ ఎక్కువగా ఎన్ఎస్ఎస్ యూనిట్‌లోనే కనిపిస్తాయి. యూత్ రెడ్‌క్రాస్, రెడ్ రిబ్బన్ క్లబ్ వంటివి దానికి తోడుగా నడుస్తాయి. ఫ్రెటర్నిటీకీ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. అక్కడ సంఘాన్ని విద్యార్థులే నడుపుకుంటారు. ఇక్కడ ఇది ప్రభుత్వ పథకం, బాధ్యత ఒక లెక్చరర్‌ది.

ఎలా పుట్టింది?

విద్యార్థులు స్వచ్ఛందంగా జాతీయ సేవ చేయాలన్న సూచన స్వాతంత్య్రం వచ్చిన కొత్తల్లోనే వచ్చింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ ఆ మాట చెప్పింది. ఆ తర్వాత సేవను తప్పనిసరి చేయాలా, ఇష్టానికి వదలాలా అన్న చర్చ ఏళ్ల తరబడి సాగింది. 1959లో సీడీ దేశ్‌ముఖ్ కమిటీ తప్పనిసరి వైపు మొగ్గింది. పలు దేశాల్లో పద్ధతులు చూసి వచ్చిన కేజీ సయ్యిదైన్ మాత్రం స్వచ్ఛందంగానే ఉండాలన్నారు. చివరకు ఆ అభిప్రాయమే నిలిచింది.

గాంధీజీ శతజయంతి ఏడాది 1969లో, సెప్టెంబర్ 24న, అప్పటి విద్యా మంత్రి వీకేఆర్‌వీ రావు పథకాన్ని ప్రారంభించారు. అప్పుడు 37 విశ్వవిద్యాలయాలు, 40 వేల మంది విద్యార్థులు. ఇప్పుడు దేశవ్యాప్తంగా వాలంటీర్ల సంఖ్య దాదాపు 40 లక్షలు. ఏటా సెప్టెంబర్ 24ను ఎన్ఎస్ఎస్ దినోత్సవంగా జరుపుతారు.

‘నేను కాదు, మీరు’ అన్నది దీని నినాదం. గుర్తు ఒడిశాలోని కోణార్క్ సూర్యదేవాలయ రథచక్రం. అరసవల్లి సూర్యనారాయణస్వామి ఉన్న జిల్లాకు ఈ గుర్తు కొత్తగా అనిపించదు. చక్రంలోని ఎనిమిది ఆకులు రోజులోని ఎనిమిది జాములకు, అంటే 24 గంటలూ సేవకు సిద్ధంగా ఉండటానికి సంకేతం.

యూనిట్ లెక్క

మామూలుగా ఒక యూనిట్‌కు 100 మంది వాలంటీర్లు, ఒక ప్రోగ్రామ్ ఆఫీసర్ ఉంటారు. ఆయన లేదా ఆమె అదే కాలేజీలో పాఠాలు చెప్పే అధ్యాపకులే. వాలంటీర్ ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. దీంతో పాటు దత్తత తీసుకున్న ఊళ్లో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. యూనిట్‌లో సగం మంది, అంటే 50 మంది అందులో పాల్గొంటారు. 2016 ఏప్రిల్ నుంచి పథకం ఖర్చు పూర్తిగా కేంద్రానిదే. అంతకు ముందు రాష్ట్రాలు కూడా వాటా పెట్టేవి.

ఇక్కడే ఒక లెక్క వేసుకోవాలి. 100 మంది, తలా 120 గంటలు. మొత్తం ఏడాదికి 12,000 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 1,500 పనిదినాలు. శిబిరంలో మరో 350 పనిదినాలు. ఒక పల్లెకు ఇది చిన్న బలం కాదు. మరి ఆ గంటలు ఎక్కడికి పోతున్నాయి? ర్యాలీలకా, ఫొటోలకా, లేక ఒకే ఊరికి మళ్లీ మళ్లీ వెళ్లడానికా? యూనిట్ విలువ తేలేది ఇక్కడే.

ఉద్దానంలో ఈ ప్రశ్న ఎందుకు బరువైనది?

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఇళ్లను కుంగదీస్తోంది. షుగరు, బీపీ లేనివాళ్లకూ వస్తోంది. నీరు, పురుగుమందులు, ఎండలో శ్రమ, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం… ఇలా చాలా అనుమానాలు ఉన్నాయి గానీ, ఇదే కారణమని ఒక్కదాని మీద తేలలేదు.

పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్ 14న ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం ఊళ్లకు తాగునీరు తెచ్చే సుమారు రూ.700 కోట్ల పథకాన్నీ అదే రోజు ప్రారంభించారు. డయాలసిస్ మీద ఉన్నవారికి నెలకు రూ.10,000 పింఛను ఉంది.

భవనం, పైపులైను, పింఛను ప్రభుత్వం ఇవ్వగలదు. వాటికీ మంచం మీదున్న మనిషికీ మధ్య ఉండే ఖాళీలో మాత్రం మనుషులే నిలబడాలి. విద్యార్థి వాలంటీరుకు నిజమైన పని అక్కడే దొరుకుతుంది.

మొదటిది రక్తం. దెబ్బతిన్న కిడ్నీలు రక్తం తయారీకి కావలసిన హార్మోన్‌ను సరిగా ఇవ్వలేవు. అందుకే ఈ రోగుల్లో రక్తహీనత ఎక్కువ, కొందరికి రక్తం ఎక్కించాల్సి వస్తుంది. 18 ఏళ్లు నిండి, కనీసం 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వవచ్చు. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి. ఏడాదికోసారి పెద్ద శిబిరం పెట్టి అందరూ ఒకేరోజు ఇచ్చేస్తే ఫొటో బాగుంటుంది. అయితే సేకరించిన ఎర్రరక్తకణాలు దాదాపు ఆరు వారాలకు మించి నిలవవు. అందుకని దాతలను నెలల వారీగా విడదీసి పంపే యూనిట్ వల్ల రోగికి ఎక్కువ మేలు.

రెండోది ఇంటింటి మాట. తోటలో పనిచేసి వచ్చి ఒళ్లు నొప్పులకు షాపులో మాత్ర కొని వేసుకోవడం ఈ పల్లెల్లో మామూలే. డాక్టరు చెప్పకుండా ఆ మాత్రలు ఎక్కువ రోజులు వాడితే కిడ్నీలకు చేటు. అదే ఊరి పిల్ల వచ్చి ‘పెద్దమ్మా, ఈ మాత్ర ఎవరు రాసిచ్చారు?’ అని అడిగితే పోస్టరు కంటే బాగా పనిచేస్తుంది. పరీక్షలు చేయడం, మందు చెప్పడం విద్యార్థుల పని కాదు. ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలతో కలిసి వెళ్లి, క్రియాటినిన్ పరీక్షకు జనాన్ని తీసుకురావడం మాత్రం వాళ్ల పనే.

మూడోది కాగితాలు. పింఛను దరఖాస్తు, ఆధార్‌లో పేరు తేడా, ఆసుపత్రి రిపోర్టుల జెరాక్సులు… వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలసిస్ మీద ఉండే మనిషికి సచివాలయం చుట్టూ తిరిగే ఓపిక ఉండదు.

తిత్లీ నేర్పిన పాఠం

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస, వజ్రపుకొత్తూరు తీరాన్ని తాకింది. లక్షల కొబ్బరి చెట్లు కూలాయి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి.

విపత్తు సాయం ఎన్ఎస్ఎస్‌కు మొదటి నుంచీ ఉన్న పని. 1973లోనే ‘కరువుకు ఎదురు యువత’ అన్న పిలుపుతో శిబిరాలు నడిచాయి. తుఫాను మర్నాడు తాగునీళ్ల ప్యాకెట్లు, అన్నం పొట్లాలు, దారికడ్డంగా పడిన చెట్ల తొలగింపు అవసరమే. కానీ దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. వాలంటీర్ యూనిట్‌లో ఉండేది రెండేళ్లు. అంటే ఒక మొక్క కాపుకొచ్చేసరికి మూడు బ్యాచ్‌లు మారిపోతాయి. ఏ మొక్క ఎవరి తోటలో ఉంది, ఎన్ని బతికాయి అని రిజిస్టరులో రాసి తర్వాతి బ్యాచ్‌కు అప్పజెప్పకపోతే, నాటిన పని నాటిన రోజుతోనే ముగుస్తుంది.

అవార్డులు

కేంద్ర యువజన వ్యవహారాల శాఖ 1993-94 నుంచి జాతీయ స్థాయి ఎన్ఎస్ఎస్ అవార్డులు ఇస్తోంది. విశ్వవిద్యాలయాలకు, ప్రోగ్రామ్ ఆఫీసర్లకు, యూనిట్లకు, వాలంటీర్లకు వేర్వేరుగా ఉంటాయి. ఢిల్లీ గణతంత్ర దినోత్సవ కవాతుకూ వాలంటీర్లను ఎంపిక చేస్తారు. పల్లె నుంచి వచ్చిన పిల్లకు అది చిన్న గౌరవం కాదు.

అవార్డు కాలేజీ గోడ మీద ఉంటుంది. దత్తత గ్రామం వేసే మార్కులు వేరు. నిరుడు నాటిన వంద మొక్కల్లో రెండు ఎండాకాలాలు దాటినవి ఎన్ని? శిబిరం ముగిశాక యూనిట్ ఆ ఊరికి ఎన్నిసార్లు వచ్చింది? అర్ధరాత్రి రక్తం కావాలంటే ఏ నంబరుకు ఫోన్ చేయాలో ఊళ్లో ఎంతమందికి తెలుసు? ఈ మూడింటికీ సమాధానం ఉన్న యూనిట్‌కు వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు.

చేరాలంటే

డిగ్రీ లేదా ఇంజనీరింగ్‌లో చేరిన మొదటి ఏడాదే కాలేజీలోని ప్రోగ్రామ్ ఆఫీసర్‌ను కలిసి పేరు నమోదు చేసుకోవాలి. కులం, మతం, బ్రాంచి తేడా లేదు. శిబిరంలో అందరికీ ఒకే వంట, ఒకే పార. దత్తతకు ఊరిని ఎంచుకునేటప్పుడు సర్పంచులు, గ్రామ పెద్దలు కూడా తమ ఊరి అవసరాలు రాసి కాలేజీకి ఇవ్వవచ్చు. కాలువ పూడికతీతా, రక్తదాతల జాబితానా, పింఛను కాగితాలా అన్నది ఊరు ముందే చెబితే, ఆ 12,000 గంటల్లో కొన్నయినా సరైన గుమ్మానికి చేరతాయి.